విగ్గుల కొట్టులో తల లేని రాణి

మీరేం చూశారో ముందు అది చెప్పండి. విన్నది కాదు. పక్కింటావిడ ఒట్టేసి చెప్పింది కాదు. మీ రెండు కళ్లతో మీరు చూసింది!

ఏం, నోరు పెగలడం లేదా?

పారిస్‌లో సాన్ మార్సెల్ పేటవాళ్లదీ అదే బాపతు. దుబ్రేయ్ విగ్గుల కొట్టున్న సందులో దెయ్యాన్ని చూశానని గుండె మీద చెయ్యేసి చెప్పగలిగినవాడు ఒక్కడు లేడు. అయినా చీకటిపడ్డాక ఆ సందులో అడుగు పెట్టగలిగినవాడూ లేడు.

దుబ్రేయ్ దొరల తలలకు విగ్గులు కట్టి బతికినవాడు. విప్లవం వచ్చి ఆ దొరల తలలు తెగడం మొదలయ్యాక ఒకరోజు తలుపుకి తాళం వేసి సరిహద్దు దాటేశాడు. కొట్టు అద్దం వెనక, విగ్గులు తగిలించే చెక్క తలలు మాత్రం మిగిలిపోయాయి. పదకొండు. కళ్లు లేవు, నోళ్లు లేవు. నున్నగా, వరసగా... వీధిలోకి చూస్తున్నట్టు.

కొన్నాళ్లకి, ఆస్ట్రియానుంచి కోడలై వచ్చిన రాణి తల కూడా తెగింది. చలి ముదిరేసరికి ఆ ఇంట్లోంచి మూలుగు మొదలైంది.

ఊఁ... హ్... ఊఁ... హ్...

రోజూ. అర్ధరాత్రి దాటాక.

"ఆస్ట్రియాదే, ఇంకెవరు?" అని తేల్చేసింది చేపలమ్మే మానెత్.

"తలే లేనిదానికి విగ్గుల కొట్లో ఏం పనే?"

"అందుకేగా వచ్చేది! చెక్క తలలున్నాయి కదా, రోజుకొకటి తగిలించుకుని చూస్తోంది. ఏదీ నప్పట్లేదు. అందుకే ఆ మూలుగు."

ఈ మాటలన్నీ పుట్టింది రొట్టెల ఉర్బెన్ కొట్టు ముందు, తాడు మీద. కరువు రోజులు. తెల్లవారుజామున మూడింటికే ఆడవాళ్లు అక్కడికి చేరేవాళ్లు. తలుపు కడ్డీకి ఒక తాడు కట్టి ఉండేది. ముందొచ్చినామె ముందు పట్టుకునేది, తరవాతొచ్చినామె ఆమె వెనక. తాడు వదిలితే వంతు పోయినట్టే. ముక్కు దురద పెట్టినా, కాళ్లు మంచులో కొయ్యబారినా వదిలేవాళ్లు కాదు. చేతులు కదలవు కాబట్టి నోళ్లు కదిలేవి.

వాగులో బట్టలుతికే పెరీన్ ఇల్లు ఆ సందుకి ఇవతల. ఉర్బెన్ కొట్టు అవతల. సందులోంచి వెళ్తే రెండొందల అడుగులు. దెయ్యానికి జడిసి వాగు వంతెన మీదుగా, తోళ్లు నానబెట్టే గుంటల వెనకనుంచి తిరిగి వెళ్తే అరగంట. నాలుగు రోజులుగా అలాగే తిరిగి వెళ్లింది. నాలుగు రోజులూ ఆమె వంతు వచ్చేలోపే ఉర్బెన్ తలుపు మూసేశాడు. మొగుడు ఉత్తరాన ఆస్ట్రియావాళ్లతో యుద్ధంలో ఉన్నాడు. ఇంట్లో అత్త బాబెట్, ఆర్నెల్ల పసిపిల్ల. ఉడకబెట్టిన టర్నిప్ దుంపల నీళ్లతో నాలుగు రోజులు గడిచాయి. నాలుగో రోజు రాత్రి పిల్ల రొమ్ము పట్టి, లాగి, ఏమీ రాక... ఏడ్చే ఓపిక కూడా లేక ఊరుకుంది.

"పాలు ఎండిపోవడం కూడా ఆస్ట్రియాదాని పనే," అంది బాబెట్.

"అది పోయి నాలుగు నెలలైంది అత్తా."

"పోయి కూడా ఎలా చేస్తోందో చూడు! నా పంటినొప్పి కూడా దానివల్లే."

"నీకు పళ్లెక్కడున్నాయి?"

"అదే నేను చెప్పేది! అన్నీ దానివల్లే పోయాయి."

ఇదే బాబెట్, ఆ రాణి పద్నాలుగేళ్ల పిల్లగా శత్రువుల ఇంటినుంచి కోడలై వచ్చినప్పుడు ముచ్చటపడి పూలు చల్లింది. ఏడేళ్లు దాటినా ఆ కోడలికి కడుపు పండలేదు. అక్కణ్ణుంచి మొదలు! నవ్వితే పొగరు. నవ్వకపోతే పుట్టింటి మీద బెంగ. ఖజానా ఖాళీ అయితే పుట్టింటికి దోచిపెట్టింది. అత్తారింట్లో పరాయి ఊరి కోడలికి జరిగేదే. అయితే ఈ అత్తారిల్లు ఒక దేశం.

"ఇవాళ సందులోంచే పోతాను," అంది పెరీన్.

బాబెట్ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. "పో. అది కనిపిస్తే నా పేరు మాత్రం చెప్పకు."

అర్ధరాత్రి దాటి రెండు గంటలు. ఉత్తరపు గాలి. చందమామ లేదు. చెక్క చెప్పులు చప్పుడవుతాయని విప్పి చంకలో పెట్టుకుంది. బురద మీద మంచు పేరుకుని అరికాళ్లు కోస్తోంది. సందు మొదట్లో ఒక దీపం ఉండాలి... లేదు.

గోడ పట్టుకుని నడిచింది. నూరు అడుగులు. నూట యాభై.

కొట్టు అద్దం దగ్గరికొచ్చింది. చూడకూడదనుకుంది — చూసింది. చెక్క తలలు. ఒకటి, రెండు, మూడు...

పది.

మళ్లీ లెక్కపెట్టింది. పదే.

ఊఁ... హ్... ఊఁ... హ్...

మూలుగు పక్కనుంచి రావడం లేదు. కాళ్ల కిందనుంచి వస్తోంది. పెరీన్ వెనక్కి తిరగాలనుకుంది. పిల్ల ముఖం గుర్తొచ్చింది. ఒక అడుగు ముందుకేసింది. అంతే — మూలుగు ఆగిపోయింది.

కిర్ర్‌మని ఏదో తెరుచుకుంది. నేలలోంచి, సరిగ్గా ఆమె మోకాళ్ల ముందు, ఒక ఆకారం పైకి లేచింది. తెల్లటి చేతులు. తెల్లటి ఛాతీ. తెల్లటి భుజాలు. భుజాల పైన... ఏమీ లేదు. చీకటి. తల చంకలో ఉంది. నున్నగా, బోడిగా.

పెరీన్ బురదలో కూలబడింది.

"మ... మహారాణీ! తప్పయిపోయింది!"

ఆ ఏడు మహారాణి అన్న మాట ఒక్కటి చాలు, మెడ మీదికి కత్తి రావడానికి. 'మీరు' అన్నా అనుమానించేవాళ్లు, అందరూ అందరినీ నువ్వనే అనాలి. ప్రాణభయంలో అవన్నీ ఎవరికి గుర్తుంటాయి?

"బళ్లకొద్దీ బంగారం మీ అన్నకి పంపారని వాగు దగ్గర పదిమందికి చెప్పాను. ఒక్క బండిని కూడా చూళ్లేదు. ఊరంతా గోలైన ఆ వజ్రాల హారం మీ మెళ్లో ఉందన్నాను. అసలు మీరది కొననే లేదట కదా! పిల్లలు లేరని మీ మీద కట్టిన పాట... బట్టలు బాదేటప్పుడు అందరికన్నా గట్టిగా పాడింది నేనే. దాని దరువు బాగుంటుంది మహారాణీ, అందుకే! మీ తోటలో ఉత్తుత్తి పల్లెటూరు కట్టించుకుని, ఆవులకి రిబ్బన్లు కట్టారన్నాను. ఆవుల్ని చూళ్లేదు. రిబ్బన్లు నేనే కట్టాను!"

ఆకారం కదల్లేదు. పెరీన్ ఊపిరి పీల్చుకుంది. భయం అడుగున ఇంకేదో ఉంది. అది పైకి వచ్చింది.

"ఒక్కటి మాత్రం చూశాను. రొట్టె దొరక్క రెండు రోజులు పస్తున్నప్పుడు మీ బండి మా పక్కనుంచి పోయింది. మీ జుట్టుకి షోకుగా అద్దిన తెల్లటి పిండి. బండి వెనక నిలబడ్డ నౌకర్ల జుట్టుకీ పిండి! మా పిల్లల కడుపులోకి పోవాల్సిన పిండి మీ నౌకర్ల తలల మీద! దానికి మాత్రం క్షమాపణ చెప్పను. ఏం చేస్తారో చేసుకోండి!"

ఆకారం చంకలోని తలని సర్దుకుంది.

"పెరీనక్కా," అంది ఆకారం, "కాసిని మంచినీళ్లేమైనా ఉన్నాయా?"

పిండి దుమ్ము పడకుండా ముఖానికి చుట్టుకున్న నల్లగుడ్డ విప్పాడు. సిల్వేన్! ఉర్బెన్ దగ్గర పిండి పిసికే సిల్వేన్. నడుం పైన బట్ట లేదు, ఒళ్లంతా పిండి. చంకలోని చెక్క తలని నేలమాళిగ మెట్టు మీద పెట్టి దాని మీద కూర్చున్నాడు.

"పీట లేదక్కా కింద. దీనిమీదే కూలబడుతున్నాను."

పెరీన్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పిండి పిసికేవాళ్లు ప్రతి ఎత్తుకీ అలా మూలుగుతారని పారిస్‌లో పుట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. ఉర్బెన్ కొట్టులో ఆ మూలుగు వినిపిస్తే నోట్లో నీళ్లూరేవి. అదే మూలుగు విగ్గుల కొట్టులో వినిపిస్తే రాణీగారైపోయింది.

"ఇక్కడెందుకు పిసుకుతున్నావురా?"

జవాబు కిందనుంచి వచ్చింది. "నెమ్మది!" మెట్లెక్కి ఉర్బెన్ పైకొచ్చాడు. విగ్గుల కొట్టు నేలమాళిగకీ, వెనకవైపున్న ఉర్బెన్ నేలమాళిగకీ ఒకటే గోడ. దానికి కన్నం పెట్టాడు. పిసకడం ఇక్కడ, కాల్చడం అవతల. చేతిలో బుట్ట. బుట్టలో ఆరు రొట్టెలు.

తెల్లవి!

తవుడు కలిపిన ఒకే రకం రొట్టె అందరికీ ఇవ్వాలని చట్టం. తెల్లరొట్టె కాలిస్తే జైలు. పెరీన్ దాన్ని చూసి ఎన్నాళ్లయిందో.

"ఎవరికి?"

"పౌరుడు రావినెల్‌కి. తవుడు పడదట, కడుపుబ్బరం."

రావినెల్ అంటే ఆ పేట విప్లవ కమిటీకి పెద్ద; దొర అన్న మాట పోయి అందరూ పౌరులే అయిన రోజులవి. వారానికోసారి తాడు దగ్గరికొచ్చి, బల్లెక్కి, మీ రొట్టె తిన్నది ఆస్ట్రియాది అని గొంతు చించుకునేవాడు ఆయనే.

"ఈ దెయ్యాన్ని పుట్టించింది నువ్వేనా ఉర్బెన్?"

"నేనన్నది ఒక్కటే. సందులో ఏదో తెల్లగా కనిపించిందన్నాను. చెక్క తలలూ, తగిలించుకోడాలూ మీ తాడు మీద మీరల్లుకున్నవే. ఆవిడ పేరు తగిలిస్తే చాలు, మీకు సాక్ష్యం అక్కర్లేదు." ఒక రొట్టె తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు దీన్ని చూళ్లేదు. నువ్వు మహారాణీ అనడం నేను వినలేదు."

వేడిగా ఉంది. పెరీన్ ఆత్మాభిమానం గురించి ఆలోచించలేదు, పాల గురించి ఆలోచించింది. శాలువా కింద కడుపుకి ఆనించి దాచుకుంది. చెప్పులేసుకుని సందు అవతలికి నడిచింది.

తాడు దగ్గర ఆమెది మూడో వంతు. ఇక ఇవాళ మామూలు రొట్టె కూడా ఖాయం. చూస్తుండగానే ఆమె వెనక తాడంతా నిండిపోయింది.

"సందులోంచి వచ్చావా!" మానెత్ గుడ్లు తేలేసింది. "చూశావా? చెప్పవే... చూశావా?"

లేదనొచ్చు. కానీ పెరీన్ ఒళ్లు మండుతోంది. ఉర్బెన్ పేరు చెబితే కొట్టు మూతపడుతుంది, అందరూ పస్తే. సిల్వేన్ పేరు చెబితే వాడి మెడ పోతుంది. రావినెల్ పేరు చెబితే మాత్రం ఎవరి కడుపూ మాడదు.

"చూశాను," అంది. "మోచేతుల పైదాకా పిండి. బుట్టలో తెల్లరొట్టెలు. అవి రోజూ పౌరుడు రావినెల్ గుమ్మానికే పోతున్నాయి."

ఒక్క మాట అబద్ధం లేదు. ఎవరు మోసుకుపోతున్నారో చెప్పలేదు, అంతే.

మాట తాడు వెంట పాకింది. మూడో చేతినుంచి అయిదో చేతికి, అయిదునుంచి పదికి... "ఆస్ట్రియాది రావినెల్ ఇంటికి పోతోందట." "లోపలికి రానిస్తున్నాడట." "చెయ్యి ముద్దు పెట్టుకున్నాడట!" తాడు చివర, చీకట్లో, ఎవరిదో గొంతు లేచింది — "రావినెల్ పరుపులో శత్రువుల ఉత్తరాలున్నాయట! పెరీన్ కళ్లారా చూసిందట!"

అప్పుడు జరిగింది, ఆ చలికాలంలో ఎన్నడూ జరగనిది. తాడు వదులైంది. వెనకనుంచి ఒక్కొక్క చెయ్యీ జారిపోయింది. అరవై మంది ఆడవాళ్లు, వంతు సంగతి మరచి, రావినెల్ వీధికేసి కదిలారు. కొందరు వంగి రాళ్లు ఏరుకుంటున్నారు. మానెత్ కూడా పరిగెత్తింది.

తాడు మొదట్లో, కడ్డీ దగ్గర పెరీన్ ఒక్కతే నిలబడింది. మొదటి వంతు. తలుపు వెనక గడియ తీస్తున్న చప్పుడు.

రావినెల్ తన్నులు తినాల్సినవాడే. కానీ ఆ రోజుల్లో శత్రువుల ఉత్తరాలన్న మాట తన్నులతో ఆగేది కాదు, మెడ దాకా పోయేది. వాళ్లను ఆపాలంటే ఇప్పుడే అరవాలి. అరిస్తే నమ్మరు. నమ్మాలంటే శాలువా కిందనుంచి రొట్టె తీసి చూపించాలి. చూపిస్తే అది అరవై చేతుల్లో ముక్కలవుతుంది. ఆమె మహారాణీ అన్న సంగతి ఉర్బెన్ బయటపెడతాడు. ఇంటిదగ్గర పిల్ల...

వాళ్లు మలుపు తిరుగుతున్నారు. మీరైతే ఆ రొట్టె బయటికి తీస్తారా?