మూడోసారి ఊపిరి

రోగి చనిపోయాడు.

చావడం అతనికి కొత్త కాదు. రబ్బరు ఒళ్ళు, ప్లాస్టిక్ మొహం, ఛాతీలో రెండు గాలి సంచులు. పరీక్షలు జరిగినన్ని రోజులూ ఎవరో ఒకరి చేతిలో పోతూనే ఉంటాడు. మర్నాడు మళ్ళీ మంచమెక్కుతాడు.

ఈసారి మాత్రం అతనితోపాటు ఒక మనిషి బతుకుతెరువు కూడా పోయేలా ఉంది.

అది రెస్పిరేటరీ థెరపిస్టులకి లైసెన్సు ఇచ్చే బోర్డు పరీక్షా కేంద్రం. ఊపిరాడని వాళ్ళకి ఊపిరాడించడం వాళ్ళ పని. ఆ పనికి లైసెన్సు కావాలంటే ముందు రాతపరీక్ష నెగ్గాలి. తర్వాత ఈ గదిలో రబ్బరు రోగికి వెంటిలేటర్ తగిలించి బతికించి చూపించాలి. అవకాశాలు మూడే. మూడోదీ పోతే ఇక జీవితంలో ఆ మెషీన్ ముట్టుకోవడానికి వీల్లేదు.

ఆమెకిది మూడోది. సెంటర్లో అందరూ ఆమెను ‘మూడోసారి’ అనే పిలుస్తున్నారు. తాత్కాలిక అనుమతి మీద ఐసీయూలో పనిచేస్తోంది. ఈ పరీక్ష పోతే ఆ అనుమతీ పోతుంది. ఫలితం సాయంత్రం ఆఫీసు మూసేలోగా ప్రకటిస్తారు. ప్రకటించాక మార్చడానికి లేదు.

ఆమె పరీక్ష గదిలోంచి కదలకుండా విజిలెన్స్ విచారణ కోరింది.

బోర్డు విజిలెన్స్ ఆఫీసర్ వచ్చాడు. పోలీసు శాఖలో రిటైరైన మనిషి. ముక్కు పొడుగు, మాట సూటి. రెండూ కలిపి జనం ‘ముక్కుసూటి’ అని పేరు పెట్టారు.

“గాలికి సంబంధించిన కేసు. గాలించక తప్పదు,” అన్నాడు లోపలికి వస్తూనే.

ఎవరూ నవ్వలేదు. అది అతనికి అలవాటే.

గదిలో నలుగురున్నారు. గోడకి ఆనుకుని మూడోసారి. కుర్చీలో చీఫ్ ఎగ్జామినర్. మార్కుల్లోనూ కోతలే, మాటల్లోనూ కోతలే కాబట్టి ఆయన పేరు కోతల మాస్టారు. ఆయన వెనకాల నిలబడ్డవాడు రెండో ఎగ్జామినర్, ఆయన సొంత అల్లుడు. నాలుగో మనిషి బోర్డు పంపిన పరిశీలకురాలు. ఆవిడా ఒకప్పుడు థెరపిస్టే.

“ఏం జరిగింది?”

“గొట్టం ఊడింది,” అన్నారు మాస్టారు. “రోగి పోయాడు. రూలు ప్రకారం సున్నా. ఇందులో గాలించడానికేముందండీ?”

“గొట్టం ఎవరు తీశారు?”

“ఎవరూ తియ్యలేదు. అదే ఊడింది. బిగించడం చేతకాకపోతే ఊడక ఏం చేస్తుంది?”

“మెలితిప్పి బిగించాను,” అంది మూడోసారి. గొంతు పెంచలేదు. “మేడమ్ చూశారు.”

“చూశాను,” అంది పరిశీలకురాలు. “బాగానే బిగించింది. మరి ఎలా ఊడిందో నాకూ అంతుపట్టడం లేదు.”

“మొదట్నించీ చెప్పండి.”

పరిశీలకురాలు చెప్పింది. అభ్యర్థి మెషీన్ సిద్ధం చేసి, రోగికి గొట్టం తగిలించి, ఛాతీ లేస్తున్నట్టు చూపించి బయటికి రావాలి. కారిడార్లో చీఫ్ ఎగ్జామినర్ ఆ రోగి కేసేమిటో వివరిస్తారు. విన్నాక లోపలికి వెళ్ళి చికిత్స చెయ్యాలి. ఆ వివరణ ముగుస్తుండగా లోపల అలారం మోగింది. తలుపు తీసి చూస్తే గొట్టం కింద వేలాడుతోంది.

“అప్పుడు గదిలో ఎవరున్నారు?”

“ఎవరూ లేరు. నలుగురం కారిడార్లోనే ఉన్నాం.”

“బయటికి వచ్చిన వరస?”

“ముందు ఈ అమ్మాయి. తర్వాత నేను. నా వెనక అల్లుడుగారు.”

“చివర వచ్చింది నేనే,” అందుకున్నారు మాస్టారు. “కళ్ళజోడు బల్ల మీద మర్చిపోయాను. తీసుకుని వచ్చాను. దాచుకోవడానికేముంది?”

“ఎంతసేపు ఒక్కరే ఉన్నారు?”

“ఎంతసేపండీ, కళ్ళజోడు తీసుకున్నంతసేపు.”

“వచ్చాక కేసు వివరించడానికి ఎంతసేపు పట్టింది?”

“రెండు నిమిషాలు పట్టి ఉంటుంది,” అన్నాడు అల్లుడు. “మామయ్యగారు ఏదీ క్లుప్తంగా చెప్పరు.”

మాస్టారు వెనక్కి తిరిగి చూశారు. అల్లుడు నేల చూశాడు.

“గొట్టం ఊడాక అలారం ఎంతసేపటికి మోగుతుంది?”

“వెంటనే,” అన్నారు మాస్టారు తప్ప మిగతా ముగ్గురూ ఒకేసారి.

“విన్నారుగా,” అన్నారు మాస్టారు. “ఊడగానే మోగుతుంది. మోగినప్పుడు గదిలో మనిషి లేడు. ఏ గొట్టంగాడూ తియ్యలేదు. దానంతటదే ఊడింది. లెక్క సరిపోయింది.”

లెక్క నిజంగానే సరిపోయింది. ముక్కుసూటికి అదే నచ్చలేదు.

“మెషీన్‌కి రికార్డు ఉండదా? ఎప్పుడేం జరిగిందో?”

“పాతది సార్,” అన్నాడు అల్లుడు. “దానికి మతిమరుపు. ఏదీ గుర్తుంచుకోదు.”

“అమ్మా, ఇందాక ఎలా బిగించారో అలాగే మళ్ళీ బిగించండి.”

మూడోసారి బిగించింది. అంతే బిగువని పరిశీలకురాలు తల ఊపింది. ముక్కుసూటి గొట్టం పట్టుకుని బలంగా లాగాడు. రబ్బరు రోగి నడుము దాకా లేచి కూర్చున్నాడు. గొట్టం మాత్రం ఊడలేదు.

“రోగి కోలుకుంటున్నాడు,” అన్నాడు ముక్కుసూటి. “ఇది లాగితే వచ్చేది కాదు. మెలితిప్పాలి. మెలితిప్పాలంటే చెయ్యి కావాలి.”

చెయ్యి ఉంది. సమయం లేదు. అదీ చిక్కు.

అతను మూడోసారిని కారిడార్లోకి తీసుకెళ్ళాడు.

“మాస్టారికీ మీకూ ఏమిటి గొడవ?”

“ఆయన మా ఆసుపత్రిలో డిపార్ట్‌మెంట్ హెడ్‌గా ఉండేవారు. ఒక రోజు ఒక పేషెంటు మెషీన్ కూస్తుంటే నోరు నొక్కేసి వెళ్ళిపోయారు. మళ్ళీ కూస్తే మళ్ళీ నొక్కారు. ఎందుకు కూస్తోందో చూళ్ళేదు. పేషెంటు పోయాడు. రబ్బరు మనిషి కాదు సార్. ఇద్దరు పిల్లల తండ్రి.”

“ఎంక్వైరీలో మీరు చెప్పారు.”

“అడిగారు. చూసింది చెప్పాను. హెడ్ పోస్టు పోయింది. బోర్డులో ఈ కుర్చీ మిగిలింది. మొదటిసారి నేను చేతులు కడుక్కున్న తీరు నచ్చలేదన్నారు. రెండోసారి నిలబడ్డ తీరు నచ్చలేదన్నారు. అందుకే ఈసారి బోర్డుతో పోట్లాడి మేడమ్‌ని రప్పించుకున్నాను. ఆవిడ ఎదురుగా ఉంటే మార్కులు కొయ్యలేరు కదా.”

“కొయ్యలేక ఊడదీశాడంటారు.”

“నేనేమీ అనను సార్. అంటే పగ అంటారు.”

“పగ లేదా?”

“ఎందుకు లేదు? బోలెడుంది.”

“మరి వేరే సెంటర్‌కి వెళ్ళాల్సింది.”

“వెళ్ళొచ్చు. మా అమ్మాయి కూడా అదే అంది. ‘అమ్మా, నువ్వు పాసవడానికి వెళ్తున్నావా, పగ తీర్చుకోడానికా?’ అని. రెండూ ఒకే గదిలో దొరుకుతుంటే రెండు బస్సులెందుకే అన్నాను.”

ముక్కుసూటి నవ్వాడు. ఒకరి జోకుకి అతను నవ్వడం అరుదు.

మిగతావాళ్ళనీ కారిడార్లోకి రప్పించి, మొదట అల్లుణ్ణి ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు.

“గొట్టం ఎలా తీస్తారో ఒకసారి చూపించండి.”

అల్లుడు తీశాడు. ముక్కుసూటి ఆ చేతుల్ని చూశాడు. తర్వాత మెషీన్‌ని చూశాడు. తర్వాత గదిని విన్నాడు. ఒక్కసారిగా ముక్కుపుటాలు అదిరాయి.

“మళ్ళీ తగిలించి ఆ మూల కూర్చోండి. ఎవరితోనూ మాట్లాడకండి.”

పరిశీలకురాలిని పిలిచాడు. ఆవిడా తీసింది, తగిలించింది, కూర్చుంది. మూడోసారిని పిలిచాడు. ఆమె కూడా తీసింది, తగిలించింది, కూర్చుంది.

ముక్కుసూటి తీరిగ్గా ఒక పేజీ నోట్సు రాసుకున్నాడు. ఆఖర్న కోతల మాస్టారు వచ్చారు. ఇంతసేపూ కారిడార్లో తలుపుకి దగ్గరగానే నిలబడ్డారు. లోపలినుంచి ఏ చప్పుడూ రాకపోవడం విన్నారు. నుదుటి మీద చెమట పట్టింది. ఏసీ మాత్రం బాగానే పనిచేస్తోంది.

“తియ్యండి మాస్టారూ.”

ఆయన చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత గొట్టం పట్టుకుని మెలితిప్పి లాగేశారు.

మెషీన్ గది అదిరేలా కూసింది.

“చూశారా?” కూత మీదుగా అరిచారు మాస్టారు. “తియ్యగానే మోగింది. ఇందాక నేను బయటికి వచ్చిన రెండు నిమిషాలకి మోగింది. ఇంకేం కావాలి మీకు?”

ముక్కుసూటి గొట్టం తగిలించమని సైగ చేశాడు. మూడోసారి తగిలించింది. కూత ఆగింది.

“ఇంకేం అక్కర్లేదు మాస్టారూ. మీ చేతిలో మోగింది. ఆ ముగ్గురి చేతుల్లో మోగలేదు.”

ముక్కుసూటి అల్లుడికేసి తిరిగాడు.

“అల్లుడుగారూ, ఇందాక గొట్టం తీసేముందు ఎడంచేత్తో ఏం చేశారు?”

“ఏం చెయ్యలేదే,” అన్నాడు అల్లుడు. తర్వాత తన ఎడంచేతిని వేరే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. “ఓ, సైలెన్స్ నొక్కానా? అలవాటు సార్. తీసేముందు నొక్కుతాం. లేకపోతే ఐసీయూలో ఉన్నవాళ్ళంతా హడలిపోతారు.”

“మేడమ్?”

“నేనూ నొక్కాను,” అంది పరిశీలకురాలు నెమ్మదిగా. “ఈ పని వదిలేసి ఏళ్ళయింది. చెయ్యి వదల్లేదు.”

“నొక్కితే కూత ఎంతసేపు ఆగుతుంది?”

జవాబు చెప్పబోయి ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “రెండు నిమిషాలు.”

“ముగ్గురూ తెలిసినవాళ్ళే. అయినా ఎవరికీ తట్టలేదు. ఎందుకంటే గొట్టం తనంతట తనే ఊడిందన్నారు మాస్టారు. ఊడిన గొట్టం బటన్ నొక్కదు కదా. కానీ తీసిన చెయ్యి నొక్కుతుంది. మాస్టారు కళ్ళజోడు కోసం ఆగారు. గొట్టం తీశారు. పగతో తీసినా పద్ధతిగానే తీశారు, ముందు నొక్కి మరీ. అలవాటు ఆయనకి రెండు నిమిషాల సాక్ష్యం పుట్టించింది. బయటికొచ్చాక ఆయనకీ తెలిసొచ్చింది. అందుకే కథ సాగదీశారు.”

“ఊహలు. వట్టి గాలి కబుర్లు,” అన్నారు మాస్టారు.

“అయితే ఇప్పుడెందుకు నొక్కలేదు?”

“మర్చిపోయాను.”

“మర్చిపోయారా మామయ్యగారూ?” అల్లుడి గొంతు వింతగా ఉంది. “అది నొక్కకుండా తీస్తే సున్నా. రూలు పెట్టింది మీరే. ఆ ఒక్క తప్పుకి ఎంతమందిని ఇంటికి పంపారు? మా బ్యాచ్‌లో నన్ను కూడా పంపారు. అప్పటికి మీ అమ్మాయికి నాతో నిశ్చితార్థం కూడా అయిపోయింది.”

“నువ్వు నోరుముయ్యి.”

“ఇన్నేళ్ళూ మూసుకునే ఉన్నాను.”

మాస్టారు అల్లుడికేసి కాదు, మూడోసారికేసి చూశారు. మొహం నల్లబడింది.

“అవును, తీశాను. డిపార్ట్‌మెంటంతా చూస్తుండగా నా గది తాళాలు లాక్కున్నారు. దీని ఒక్క మాట మీద. నేను నేర్పిన పిల్ల. నా పరువు తీసింది, నేను దాని గొట్టం తీశాను. సమానం.”

“సమానం కాదు సార్,” అంది మూడోసారి. “ఆ ఇద్దరు పిల్లల లెక్క మిగిలే ఉంది.”

ముక్కుసూటి ఫోన్ తీసి రెండు చోట్లకి మాట్లాడాడు. ఒకటి బోర్డు, రెండోది పోలీస్ స్టేషన్.

పరిశీలకురాలు గొంతు సవరించుకుంది. “చెడగొట్టిన పరీక్ష లెక్కలోకి రాదమ్మా. నీ మూడో అవకాశం అలాగే ఉంది. నెల తర్వాత ప్రశాంతంగా వేరే సెంటర్లో...”

“ఇప్పుడే మేడమ్. ఇక్కడే.”

“చేతులు వణకడం లేదూ?”

“వణకనివ్వండి. నా చేతులే కదా.”

“సరే. మాస్టారిని బయటికి పంపిస్తాను.”

“వద్దండీ. ఆయన్ని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టండి. అంతా చూడాలి.”

పరిశీలకురాలు ముక్కుసూటి వైపు చూసింది. అతను కిటికీలోంచి రోడ్డు చూశాడు. “స్టేషన్ నుంచి జీపు రావాలి. ట్రాఫిక్ ఉంది. నాకేం అభ్యంతరం లేదు.”

ఆమె చేతులు కడుక్కుంది. వేళ్ళ సందులు, గోళ్ళ చివర్లు, మణికట్లు. మాస్టారి ఎదురుగా నిలబడి, ఆయన చూపు తిప్పుకున్నప్పుడల్లా ఆగి, తిరిగి చూసేదాకా మళ్ళీ మొదలుపెట్టలేదు. మెషీన్ సిద్ధం చేసింది. బయటికి వెళ్ళి పరిశీలకురాలు చెప్పిన కేసు వింది. రోగి గొంతులో కఫం అడ్డుపడింది, ఆక్సిజన్ పడిపోతోంది. లోపలికి వచ్చింది. ఆక్సిజన్ పెంచింది. సైలెన్స్ నొక్కింది. గొట్టం తీసి, సన్నటి పైపుతో కఫం లాగేసి, మళ్ళీ బిగించింది. ఛాతీకి స్టెత్ ఆనించి రెండు వైపులా వింది.

రబ్బరు ఛాతీ పైకి లేచింది. దిగింది. మళ్ళీ లేచింది.

పరిశీలకురాలు పెన్ను మూసింది. “మార్కులు నావి. ప్రకటించాల్సింది మాత్రం చీఫ్ ఎగ్జామినర్. సస్పెన్షన్ ఆర్డర్ ఇంకా చేతికి రాలేదు కాబట్టి ఆ నోరు ఇప్పటికి ఆయనదే. చెప్పండి మాస్టారూ.”

మాస్టారు తల దించుకున్నారు. కింద రోడ్డు మీద జీపు ఆగిన చప్పుడైంది.

“పాస్,” అన్నారు చొక్కా గుండీతో.

“వినపడలేదు సార్,” అంది ఆమె. “గుండెల నిండా గాలి పీల్చుకుని చెప్పండి.”

ఆయన పీల్చుకున్నారు. ఈసారి కారిడార్ చివర నిలబడ్డవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు.

ఆమె మొహంలో నవ్వు లేదు.

“ఇంకోసారి సార్,” అంది.