పెద్దమ్మ పాతబడిపోయింది

2016 జూన్ పద్నాలుగు. ఆ మధ్యాహ్నం రేపల్లెలో చెల్లెలి ఇంట్లో మామిడికాయ వేసిన నెత్తళ్ళ చేపల పులుసు. కోటిరత్నానికి ఆ తేదీ అంత బాగా గుర్తుండటానికి కారణం పులుసు కాదు. తల్లి పోయినప్పటినుంచి అయిదు నెలలుగా రెండు ముద్దలకు మించి మింగని పదకొండేళ్ళ తేజస్విని ఆ రోజు కంచం చాపి, "ఇంకొంచెం పెట్టు పెద్దమ్మా" అంది! ఆ ఉదయమే తండ్రి నాగశివ తెనాలిలో ఆటల కోసమని ప్రత్యేకంగా చేయించిన కంప్యూటర్‌ను రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అందులో ఇద్దరు కలిసి ఆడే పడవల ఆట ఉంది. ఎడమ తెడ్డు పిల్లది, కుడి తెడ్డు కోటిరత్నానిది. అడవులదీవి ఊళ్ళో పడవల మధ్య పెరిగిన మనిషి ఊరుకుంటుందా! "అల మీదకొస్తోంది, గట్టిగా లాగవే!" అని ఆమె అరిచిన అరుపుకు ఆ పిల్ల నవ్వింది... అయిదు నెలల తర్వాత నవ్వింది!

చెల్లెలి బిడ్డ తేరుకునేదాకా ఉందామని వచ్చిన కోటిరత్నం తొమ్మిదేళ్ళు ఉండిపోయింది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. నాగశివ హైస్కూల్లో తెలుగు మాస్టారు, ఒక మాట గట్టిగా అనే మనిషి కాదు. అయినా ఈ ఇల్లు తనదని ఆమెకు ఏనాడూ అనిపించలేదు. రోజూ పడుకునే ముందు, "మరిదిగారూ, తలుపు వేసేయమంటారా?" అని అడిగేది. "వెయ్యండి వదినా" అనేవాడాయన. తొమ్మిదేళ్ళలో ఒక్క రాత్రి కూడా ఆమె అడగడం మానలేదు.

బాపట్లలో ఇంజనీరింగ్ చదువుతున్న తేజస్విని ఒక ఆదివారం ఇంటికి వచ్చింది. కోటిరత్నం వంటింట్లో రొయ్యలు వలుస్తోంది. కుళాయి చప్పుడులోంచి వరండాలో తండ్రీకూతుళ్ళ మాటలు ముక్కలు ముక్కలుగా వినిపించాయి.

"పెద్దమ్మ పాతబడిపోయింది నాన్నా! కాసేపటికే వేడెక్కిపోతోంది, ఒకటే మూలుగు. నాకు తగ్గట్టు నడవలేకపోతోంది."

"తొమ్మిదేళ్ళు చాకిరీ చేసింది కదమ్మా, పాపం..."

"తెనాలిలో ప్రొఫెసర్... మొత్తం తీసేసి కొత్తది తెచ్చుకుందామా అని కూడా ఆలోచిస్తున్నా. ఆ గదిలో చోటైనా కలిసొస్తుంది!"

కోటిరత్నం చేతిలోని రొయ్య జారిపోయింది. తను సరిగానే విన్నదా? మోకాళ్ళు పట్టేసి లేచేటప్పుడు మూలుగుతున్న మాట నిజమే. మొన్న పాలవాడిమీద ఊరికే వేడెక్కిన మాటా నిజమే. నిన్న కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది... అయితే తనకేమైనా జబ్బా? అందుకేనా పెద్ద డాక్టరు, ఆ ప్రొఫెసర్? మరి 'కొత్తది' అంటే? అమ్మో! మరిదిగారు ఈ వయసులో మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నారా? అలా అయితే మంచిదేగా, పాపం, ఒంటరి మనిషి... కానీ చేతులారా పెంచిన పిల్ల నోటివెంట "తీసేసి" అన్న మాట ఎలా వచ్చింది! ఎంత ఆలోచించినా ఏ ముక్కకూ ఏ ముక్కా అతకలేదు. కళ్ళు తుడుచుకుంది. వలిచిన రొయ్యలకు పట్టించిన కారం చేతికి ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

దీపాలు పెట్టే వేళకు రొయ్యల కూర మూతపెట్టి, గుడ్డసంచీలో రెండు చీరలు, చెల్లెలి ఫోటో సర్దుకుని వరండాలోకి వచ్చింది.

"ఎక్కడికి పెద్దమ్మా?" అంది తేజస్విని.

"నన్ను తెనాలి ప్రొఫెసర్ దగ్గరికి మోసుకెళ్ళక్కర్లేదమ్మా! నేనే పోతాను. అడవులదీవిలో మా ముత్తయ్య అన్నయ్య ఇంట్లో ఓ మూల పడుంటాను. కూర పొయ్యి పక్కనుంది, చల్లారకముందే తినండి..."

"ప్రొఫెసరేంటి? మా కాలేజీ నుంచి ఎవరన్నా ఫోన్ చేశారా? నేనేం చెయ్యలేదు పెద్దమ్మా, ఒట్టు!"

"నీ కాలేజీతో నాకేం పనే! పెద్దమ్మ పాతబడిపోయింది, మూలుగుతోంది, తీసేసి కొత్తది తెచ్చుకుందాం అనలేదూ? మరిదిగారూ, మీరు చేసుకోండి, నాకు సంతోషమే! ఆవిడ పిల్లను బాగా చూసుకుంటే చాలు..."

"ఎవరిని చేసుకోవాలి వదినా?" అన్నాడు నాగశివ అయోమయంగా. ఒక్క క్షణం ఆగి, రెండు చేతులతో ముఖం కప్పుకుని మెట్టుమీద కూలబడ్డాడు. భుజాలు ఊగిపోతున్నాయి. ఏడుస్తున్నాడనుకుంది కోటిరత్నం. చేతులు తీస్తే... నవ్వుతున్నాడు!

"పెద్దమ్మంటే కంప్యూటర్ వదినా! మీరు దానితో ఆడతారని పెద్దమ్మ కంప్యూటర్, పెద్దమ్మ కంప్యూటర్ అంటూ, చివరికి ఫోన్లో 'పెద్దమ్మ ఎలా ఉంది' అనే దాకా వచ్చాం. మీ ముందు అనలేదంతే. ప్రొఫెసర్ కాదు, ప్రాసెసర్! లెక్కలన్నీ చేసే బిళ్ళ. ఇన్నేళ్ళు వ్యాకరణం చెప్పాను కానీ, మన భాషలో ఆడమనిషి మూలిగినా మూలుగుతోందే, మిషను మూలిగినా మూలుగుతోందే అని ఇవాళ తెలిసొచ్చింది!"

నవ్వుతూనే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం నవ్వు వల్ల కాదు. కళ్ళు సంచీలోంచి తొంగిచూస్తున్న ఫోటో మీద ఉన్నాయి.

తేజస్విని వచ్చి ఆమెను చుట్టేసుకుంది. "నేను నిన్ను తీసేస్తానా? ఎలా అనుకున్నావ్ పెద్దమ్మా!"

"ఏమో... నువ్వు పెద్దదానివయ్యావు. ఇంక నాతో పనేముందిలే అనుకున్నా" అంది కోటిరత్నం. తొమ్మిదేళ్ళుగా గొంతులో ఉన్న మాట అది. తేజస్విని ఆమెను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అసలు దానికి బిళ్ళెందుకు మార్చడం?" అని కోటిరత్నం అడిగింది.

"మన పడవల ఆట కొత్తది వచ్చింది. రెండు ఊళ్ళలో కూచుని కలిసి ఆడొచ్చు! బాపట్ల హాస్టల్లో లాప్‌టాప్‌తో నేను, ఇక్కడ నువ్వు. రోజూ సాయంత్రం! కానీ ఇందులో ఉన్న ఐ త్రీ బిళ్ళ ఆ ఆటను మొయ్యలేదు. పడవ సగంలో ఆగిపోద్ది."

కోటిరత్నం పిల్ల ముఖంలోకి చూసింది. తనను పంపించేయడానికి కాదు... తనతో ఆడటానికా ఇదంతా!

"తెనాలిలో దీన్ని చేసిచ్చిన సంజీవరావుగారు రెండు దారులు చెప్పారు. కొత్తరకం బిళ్ళ కొంటే పాత బోర్డులో కూర్చోదు, బోర్డు, ర్యామ్ అన్నీ మార్చాలి. లేదా ఆ కాలందే ఇంతకన్నా బలమైన ఐ సెవెన్ బిళ్ళ, ఎవరో వాడి తీసింది ఉంది. అది ఇందులోనే సరిపోద్ది. కొత్తదంత జోరుండదు. ఏదో తేల్చుకోలేక వారం రోజుల నుంచి బుర్ర తిరిగిపోతోంది."

"ఆ పాతదానితో పడవ ఆగకుండా నడుస్తుందా?"

"నడుస్తుంది."

"ఎన్నాళ్ళు?"

"ఇంకో మూడు నాలుగేళ్ళు హాయిగా."

"అయితే అదే తీసుకో. నాకు జోరెందుకే? కుడి తెడ్డు అందితే చాలు."

"మొత్తం మార్చుదామన్నా నాకు మనసొప్పలేదులే పెద్దమ్మా" అంది తేజస్విని, ఆమె చేతిలోని సంచీ లాక్కుంటూ.

ముగ్గురూ రొయ్యల కూరతో అన్నం తిన్నారు. అందులో ఉప్పు అసలే లేదు. ఎవరూ అనలేదు. నాగశివ మాత్రం మారు వడ్డించుకున్నాడు. చెల్లెలి ఫోటో మళ్ళీ గోడకెక్కింది.

పడుకునే వేళయింది. నాగశివ కుర్చీలో పుస్తకం పట్టుకుని, రోజూ వినే ఆ ప్రశ్న కోసం తలెత్తాడు. కోటిరత్నం వీధి గుమ్మం దాకా వెళ్ళింది. బయట వదిలేసిన చెప్పులు మూడు జతలూ లోపలికి తెచ్చింది. ఈసారి ఎవరినీ అడగలేదు. మెల్లగా తలుపు మూసి, గడియ పెట్టింది.