ముప్పై రెండు లెక్కల ‘ఆ’

“ఇందులో పిల్లలు ఊపిరి ఎప్పుడు తీసుకోవాలండీ?”

తలుపు తీసీ తీయగానే అడిగిందా అమ్మాయి. చేతిలో తడిసిన కాగితాలు, చంకలో మడిచిన గొడుగు. కోపంలో గొడుగు తెరవడం మర్చిపోయినట్టుంది.

కాగితాలు చూడగానే అతనికి విషయం అర్థమైంది. పిల్లల బృందగానం కోసం మూడు నెలలు కూర్చుని తను రాసిన శాస్త్రీయ సంగీతం అది. నాలుగు గొంతుల వరసలు, ఒక మేఘం కథ, చివర్లో ముప్పై రెండు లెక్కల పాటు సాగే ఒకే ఒక్క ‘ఆ’. వచ్చింది ఆ పిల్లలకు పాట నేర్పే టీచరు.

“పాట అయ్యాక తీసుకోవచ్చు కదండీ,” అన్నాడు వినయంగా.

“అప్పటికి ఉంటేగా!”

“అది మేఘమండీ. మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోదు.”

“మేఘానికి ఏడేళ్లుండవు. ముక్కు కారదు. నిన్న ఇరవయ్యో లెక్కకి ముగ్గురు నేల మీద కూలబడ్డారు. నాలుగోది వాళ్లని చూసి, సరదాగా ఉందని తనూ కూలబడింది. అసలు మాకిచ్చేముందు ఎవరిచేతైనా పాడించి చూశారా?”

“చూశాను. మా ఇంట్లోవాళ్లు సునాయాసంగా పాడారు.”

“ఓహో, ఇంట్లో పిల్లలున్నారా?”

అతను వంటింటి వైపు చూశాడు. ఈలోగా ఆ ‘పిల్లలు’ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చారు. ముందు డెబ్బై ఎనిమిదేళ్ల నానమ్మ. వెనక గుబురు మీసాలతో నాన్న.

“నాది కింది గొంతు. వీడిది పై గొంతు,” అంది నానమ్మ కొడుకుని చూపిస్తూ. నాన్న సిగ్గుపడ్డాడు.

మూడు నెలలుగా ఇద్దరూ పిల్లల గొంతుతో సాధన చేస్తున్నారు. పక్కింటివాళ్లు రెండుసార్లు పిల్లి కోసమని పాలు తెచ్చిచ్చారు.

“ఏదీ, పాడండి చూద్దాం,” అంది టీచరు.

పాడారు. ముప్పై రెండు లెక్కలూ ‘ఆ’ ఎక్కడా తెగలేదు. కాకపోతే ప్రతి ఎనిమిదో లెక్కకీ నానమ్మ మోచెయ్యి నాన్న డొక్కలో దిగుతోంది.

“మీరు దొంగచాటుగా ఊపిరి తీసుకుంటున్నారు!”

“దొంగచాటు కాదమ్మాయ్, వంతులు. నేను పీల్చుకునేటప్పుడు వాడు లాగుతాడు, వాడు పీల్చుకునేటప్పుడు నేను. మనవడికి చెబితే పాట మార్చేస్తాడని చెప్పలేదు. రాసీ రాసీ సగమైపోయాడు పాపం.”

అతను నోరు తెరిచాడు. టీచరు మొదటిసారి నవ్వింది. అతను నోరు మూయడం మర్చిపోయాడు.

మర్నాటి నుంచి పిల్లలకీ వంతులే. ఎవరి వైపు టీచరు చూస్తే వాళ్లు ఊపిరి తీసుకోవాలి, మిగతావాళ్లు లాగాలి. అతను రోజూ సాయంత్రం సాయం పేరుతో వచ్చి కూర్చునేవాడు. పిల్లలు “కంపోజర్ అంకుల్” అని పిలిచినప్పుడల్లా ఇరవై ఏడేళ్ల అతని ప్రాణం చివుక్కుమనేది. టీచరు మాత్రం అటు తిరిగి నవ్వుకునేది.

కాలనీ క్లబ్బులో పిల్లలు పాడాల్సిన కార్యక్రమానికి రెండు రోజుల ముందు గవదబిళ్ళలు వచ్చిపడ్డాయి. ఇరవై ఆరు మందిలో తొమ్మిది మంది బుగ్గలు ఉబ్బించుకుని ఇళ్లలో పడుకున్నారు.

“పదిహేడు మందేనా?” అన్నాడు కాలనీ క్లబ్బు సెక్రటరీ, ఎంతో బాధగా, పాట కోసం పిల్లలకి క్లబ్బు ఇచ్చిన గదిని టేపుతో కొలుస్తూ. అక్కడ టేబుల్ టెన్నిస్ బల్ల వేయించాలని ఆయన చిరకాల కోరిక. “రూల్ తెలుసు కదమ్మా. వేదిక మీద పాట పూర్తయ్యేదాకా ఇరవై మంది పాడాలి. ఒక్కరు తగ్గినా గది పోయినట్టే.”

ఆయన వెళ్లాక టీచరు హాజరు పుస్తకం మూసేసింది.

“నాలుగేళ్లుగా కూడబెట్టిన గొంతులండీ. గది పోతే ఎక్కడివాళ్లు అక్కడే చెల్లాచెదురు.”

“రూల్లో వయసు రాశారా?” అన్నాడతను.

అలా కార్యక్రమం రోజున ముందు వరసలో, పాలపళ్లు ఊడిన ఇద్దరమ్మాయిల మధ్య నాన్న మీసాలు నిలబడ్డాయి. రెండో వరసలో నానమ్మ. పక్కనే అతను. లెక్క తప్పకూడదని సెక్రటరీ వేదికెక్కి మరీ, మైకు పక్కన నిలబడి వేలితో తలలు లెక్కపెడుతున్నాడు.

‘ఆ’ మొదలైంది. టీచరు చూపు వరసల మీదుగా వెళుతూ ఒక్కొక్కరికీ ఊపిరి పంచుతోంది. ఇరవై ఆరో లెక్కకి అతని మీద ఆగింది.

అతను తీసుకోలేదు. ఇరవై ఎనిమిదో లెక్కకి నిట్టనిలువునా కూలిపోయాడు.

ఎవరు పడ్డా పాట ఆపకూడదని నేర్పింది టీచరే. ఎవరూ ఆపలేదు. ‘ఆ’ ముప్పై రెండుకి చక్కగా చేరింది. చప్పట్లు మోగాయి.

“పంతొమ్మిది,” అన్నాడు సెక్రటరీ. “సారీ అమ్మా.”

టీచరు చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

“కాదు, ఇరవై!” అంది పాలపళ్లు లేని పిల్ల. “కంపోజర్ అంకుల్ పడిపోగానే మీరు అందుకున్నారుగా!”

“నేనా?”

“గొంతు బాగానే ఉంది నాయనా,” అంది నానమ్మ. “మైకుకి కాస్త దూరంగా నిలబడాల్సింది.”

హాలంతా విన్నదే మరి. సెక్రటరీ చెవుల దాకా ఎర్రబడి, పుస్తకంలో ఇరవై అని రాసి, వేదిక దిగబోయి ఆగాడు. “రిహార్సల్ ఎన్నింటికమ్మా?”

తెర వెనక టీచరు అతని ముఖాన నీళ్లు చల్లింది, అవసరానికి మించి.

“చూశాను కదా, ఊపిరి ఎందుకు తీసుకోలేదు?”

“మీరు చూశారు కాబట్టే. ఆ తర్వాత ఏం చెయ్యాలో గుర్తురాలేదు. రోజూ ఇంతేనండీ. ఇవాళ పడ్డాను కాబట్టి తెలిసింది.”

ఆమె చెంబు కింద పెట్టింది. చేతులు తుడుచుకుంటూ అడిగింది, “ఇంకో పాట రాయడానికి ఎన్నాళ్లు పడుతుంది?”

“మూడు నెలలు.”

“ఆరు తీసుకోండి. రోజూ వచ్చి మా పిల్లల దగ్గరే కూర్చుని రాయండి. ఆదివారాలు సెలవు.”

అతని ముఖం వాడిపోయింది.

“ఆదివారాలు నేనే మీ ఇంటికి వస్తాను,” అంది నేల చూస్తూ.

తెర కదిలింది. నానమ్మ తల మాత్రం లోపలికి వచ్చింది.

“వచ్చేటప్పుడు మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురా అమ్మాయ్. పాడక్కర్లేదులే, మాట్లాడుకుంటే చాలు.”