బేరమాడని మూకుడు

"ఇవాళ నీకు నోరు లేదు. అర్థమైందా?" అంది సెర్వా, కెజేతియా సంత మొదట్లోనే ఎబో దారికి అడ్డంగా నిలబడి.

"మరి నన్నెందుకు తెచ్చావు?"

"మొయ్యడానికి."

ఎబో మెడలో టేపు సర్దుకున్నాడు. దర్జీవాడు. టేపు లేకుండా బయటికొస్తే చొక్కా లేకుండా వచ్చినట్టుంటుంది అతనికి.

"టైలర్ని కూలీని చేసిన ఘనత నీదే."

"మీ సముద్రపొడ్డు ఫాంటివాళ్ళు బేరమాడితే సంతే మునుగుతుంది. పోయిన నెల పదికిచ్చే దువ్వెనకి ఇరవై పోసి, పైగా థాంక్యూ కూడా చెప్పొచ్చిన మహానుభావుడివి!"

కాదనడానికి లేదు. మనసులో మాట చెప్పడానికైతే ఆమె ముందు ఎబోకి నోరే పెగలదు. రెండేళ్ళుగా అతని కుట్టుమిషను పక్కనే ఆమె అరటికాయ ముక్కలు వేయించే బాణలి. అతను కుట్టిన ప్రతి చొక్కాకీ నూనె వాసనే. గిరాకీలు తిట్టిపోస్తున్నా మిషను మాత్రం అక్కణ్ణించి జరపలేదు.

సెర్వాకి ఇవాళ ప్రాణం మీదికొచ్చిన పని. లారీ స్టేషన్ గేటు పక్కన వేపచెట్టు నీడ ఖాళీ అయింది. డ్రైవర్ల సంఘం పెద్ద ఒక్కటే మాటన్నాడు: "శుక్రవారం పొద్దున ఆరింటికి వాచె వండి నా వాళ్ళ కడుపు నింపినవాళ్ళదే ఆ చోటు." ఆ శుక్రవారం రేపే. వాచెలో కలిపి వండే బియ్యం, అలసందలు, ఎర్రరంగు దిగే జొన్నాకులు అన్నీ ఇంట్లో సిద్ధం. వండటానికి గిన్నే లేదు. ముక్కలు అమ్మి కూడబెట్టిన ఆరువందల సెడీలు నడుముగుడ్డలో ముడేసుకుని వచ్చింది. దుకాణాల్లో ఆ డబ్బుకి మూత కూడా రాదు. సంతలో బేరమాడి తెచ్చుకోవాల్సిందే.

మట్టిపాత్రల దగ్గర మిరపకాయలు రుబ్బుకునే పెద్ద మూకుడు తీసుకుంది. వేలితో కొట్టి మోత విన్నది, లోపలి గాట్లు తడిమింది, లేని వంకలన్నీ పెట్టింది. అమ్మే ఆమె నెత్తి కొట్టుకుని సగానికి దిగింది.

అంతటి మనిషి, పక్కనున్న చిన్న మూకుడొకటి ఎత్తి, ఎంతని అడిగి, అడిగినంతా చేతిలో పెట్టేసింది.

ఎబో తెల్లబోయాడు. "బేరమాడలేదేం?"

"నోరు లేదన్నానా?"

"ఇద్దరికి సరిగ్గా సరిపోతుంది తల్లీ..." అని అమ్మే ఆమె ఏదో అనబోయింది. సెర్వా ఒక్క చూపు చూసేసరికి నవ్వాపుకుని డబ్బు దోపుకుంది.

"డ్రైవర్లకి ఇందులో ఏం పెడతావు, ఉప్పా?" అన్నాడు ఎబో.

"అవును. ఉప్పే. నడు."

సత్తుగిన్నెల వీధికి మామె బిరాగో మాటే శాసనం. ఆమె అప్పుడే కొట్టు తీసింది. ఇంకా బోణీ కాలేదు. ఇద్దరాడవాళ్ళూ డేగిసా దగ్గర మొదలుపెడితే, ఎబోకి జుగల్‌బందీ చూస్తున్నట్టుంది.

"అయిదువందలు!"

"అమ్మా, నేను కొనేది డేగిసానా, లారీనా?"

"సన్నగా ఉన్నావు, నోరు మాత్రం గంగాళమంత. నాలుగువందల యాభై!"

అలా మూడువందల ఎనభై దాకా దిగింది. బేరం అక్కడే ఆగింది. అప్పుడు ఎబో, కుడిచెయ్యి బరువైన మూకుడు కింద ఇరుక్కుని ఉండగా, ఉత్సాహం ఆపుకోలేక, "అది కాదు, ఆ వెనకదైతే మూతి వెడల్పు!" అని చెయ్యి చాపాడు.

ఎడమచెయ్యి. సరిగ్గా మామె బిరాగో ముక్కు ముందు.

వీధంతా ఆగిపోయింది.

"బోణీ వేళ! నా మొహం మీదికి ఎడమచెయ్యా!" ఆమె గుడ్డ తీసి డేగిసాల మీద కప్పేసింది. "బంగారం పోసినా అమ్మను. పొండి!"

పక్క కొట్లవాళ్ళు కూడా మొహాలు తిప్పుకున్నారు. ఆమె కాదన్న బేరాన్ని ఆ వీధిలో ఇంకెవరూ ముట్టరు.

"తప్పయిపోయిందమ్మా, క్షమించండి, నాది పుట్టు ఎడమచేతి వాటం..."

"చూశారా! తప్పు చేసినవాడే తన తరఫున మాట్లాడుకుంటున్నాడు. నీకు పెద్దలు లేరురా? మీ సముద్రపొడ్డున ఇంతేనా మర్యాద?"

సెర్వా మొహం పాలిపోయింది. ఆమె తిట్టుంటే ఎబోకి హాయిగా ఉండేది. తిట్టలేదు. నడుముగుడ్డ ముడి పట్టుకుని అలా నిలబడిపోయింది.

ఎదురుగా కొయ్య తెడ్లు అమ్ముకునే ముసలి బొవాది లేచాడు. చెప్పులు విడిచి, భుజం మీది బట్ట దించి, మామె ముందు వంగాడు.

"తల్లీ, వీడి చెయ్యి తప్పు చేసింది గానీ మనసు కాదు. పెద్దవాణ్ణి, అడుగుతున్నాను. కోపం నీళ్ళలో కలిపెయ్యి."

మామె కాస్త మెత్తబడింది. "నీ మొహం చూసి వింటాను తాతా. కానీ వీడి పూచీ ఎవరిది? వీడి మనిషెవరు?"

"నేను," అంది సెర్వా.

"నువ్వేమవుతావు?"

"ఫ్రెండు..."

"ఫ్రెండు ఇవాళుంటుంది, రేపుండదు. ఆ పూచీ నాకు చెల్లదు."

సెర్వా నడుముగుడ్డ ముడి వదిలింది. తరువాత తలెత్తింది.

"వీణ్ణి నేను చేసుకోబోతున్నాను. వీడి తప్పు నా తప్పు. ఇప్పుడు చెల్లుతుందా?"

ఎబో చేతిలో మూకుడు జారబోయి ఆగింది.

మామె బిరాగో పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇంత నోరున్న పిల్లకి ఇంత మూగాడా! దేవుడు బేరం బాగా కుదిర్చాడు. మూడువందల యాభై, మూత ఊరికే. ఒరే ఫాంటీ, పిల్లనడగడానికి వాళ్ళింటి తలుపు తట్టే రోజు నాకూ ఒక సారా సీసా తేవాలి. కుడిచేత్తో!"

వీధంతా చప్పట్లు. ముసలి బొవాది తెడ్డొకటి బహుమతిగా ఇచ్చాడు.

సంత దాటేసరికి వాన జోరున దిగింది. ఇద్దరూ డేగిసా బోర్లించి తలల మీద పెట్టుకున్నారు. లోపల ఊపిరి కూడా గంటలా మోగుతోంది.

"అక్కడ అన్న మాట..." ఎబో గొంతు సవరించుకున్నాడు. "డేగిసా కోసమేగా?"

"నువ్వేమనుకుంటున్నావు?"

"డేగిసా కోసమే."

"అయితే అదే అనుకో!" అని డేగిసా తనొక్కతే నెత్తిన పెట్టుకుని విసవిసా వెళ్ళిపోయింది. ఎబో నిలువునా తడిసిపోయాడు.

మర్నాడు ఆరింటికి వేపచెట్టు కింద డేగిసా పొగలు కక్కింది. ఎబో వచ్చి ఆకులు పరిచాడు, నీళ్ళు మోశాడు. సెర్వా అతనితో రెండే ముక్కలు మాట్లాడింది. "జరుగు." "అందుకో."

ఎర్రటి వాచె, నల్ల మిరప్పచ్చడి, ఉడకేసిన గుడ్డు. మొదటి డ్రైవరు తిని ఇంకో ఆకు చాపాడు. ఎనిమిదింటికల్లా వరస గేటు దాటింది. సంఘం పెద్ద వేళ్ళు నాక్కుంటూ లేచి, "ఈ నీడ నీది పిల్లా!" అన్నాడు. పది లారీల హారన్లు ఒక్కసారి మోగాయి. తొమ్మిదికి డేగిసా అడుగు మెరిసింది.

ఎబో ఖాళీ డేగిసా చూసి, "నాకు మిగల్లేదన్నమాట," అన్నాడు.

సెర్వా బల్ల వెనక్కి వంగి, మూతేసి దాచినదాన్ని తీసింది. చిన్న మూకుడు. నిండా వాచె, పైన రెండు గుడ్లు.

ఎబో దాన్ని చూశాడు. వాళ్ళ ఊళ్ళో అమ్మా నాన్నా కూర్చుని కలిసి తినేది ఇలాంటి ఒక్క మూకుట్లోనే.

"దీన్ని... మనం గిన్నెల వీధికి వెళ్ళకముందే కొన్నావు కదా?"

"ఇప్పటికి వెలిగిందా?"

"మామె అడక్కముందే!"

"బేరం కూడా ఆడలేదు. కొన్నిటికి ఆడకూడదు. కూర్చో, చల్లారిపోతోంది."

ఎబో ఆత్రంగా చెయ్యి చాపాడు. గరిటె ఠపీమని వేళ్ళ మీద పడింది.

"ఆ చెయ్యి కాదు!"

కుడిచేత్తో మొదటి ముద్ద తీసుకున్నాడు. బల్ల కింద అతని ఎడమచెయ్యి ఆమె ఎడమచేతిని వెతుక్కుని పట్టుకుంది. ఆ పూట దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు.