కొట్టేసిన పదకొండు చుక్కలు

పొద్దున మెట్ల మీద నన్ను చూసి నవ్విన మనిషి, క్యాంటీన్లో నేను ఎదురుగా కూర్చోగానే ప్లేటు తీసుకుని లేచింది.

"నేనేం చేశానండీ?"

"ఏం చెయ్యలేదు. నాతో మాట్లాడకండి, అంతే."

ఐదు నెలలు ఇదే వరస. ఒకరోజు నవ్వు, మర్నాడు మొహం తిప్పుకోవడం. నాకు పిచ్చెక్కింది.

మా పని ఆకాశమంతటికీ పటం గీయడం. అదీ మామూలు కాంతిలో కాదు. చల్లటి ధూళి మేఘాల నుంచి వచ్చే, కంటికి ఆనని దూర పరారుణ కాంతిలో. ఉపగ్రహం పైన తిరుగుతూ ఆకాశాన్ని చీలికలుగా చూసి పంపేది. ఒక్కో చీలికలో నిజమైన చుక్కలేవో, యంత్రానికి ఏదో కణం తగిలి పుట్టిన ఉత్త మెరుపులేవో మాలో ఇద్దరేసి విడివిడిగా జాబితా రాసేవాళ్లం. పేర్లు లేని ఆ జాబితాలు, క్యాంటీన్లో లేచిపోయిందే, ఆమెకి వెళ్లేవి. ఏది ఉంచాలో, ఏది కొట్టెయ్యాలో తేల్చేది ఆమె. రాసిందెవరో తనకి తెలిస్తే మా విభాగం పెద్దాయనకి చెప్పి తప్పుకోవాలి. అది నియమం.

ఒక సోమవారం ఉదయం యంత్రాన్ని చల్లగా ఉంచే హీలియం అయిపోయింది. ఉపగ్రహానికి చూపు పోయింది. నెలాఖరుకి సగం మందిని పంపించేస్తామన్నారు. ఆమె వెళ్లిపోతే, నా మీద కోపమెందుకో కూడా నాకిక ఎప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం తనే నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మీ చుక్కలు నలభై కొట్టేశాను. మళ్లీ చూస్తే వాటిలో పదకొండు నిజమైనవే."

"నావని ఎలా తెలిసింది?"

"అనుమానం వస్తే అందరూ ప్రశ్నార్థకం పెడతారు. 'ఏమో' అని రాసేది మీరొక్కరే."

"తెలిసీ కొట్టేశారా?"

"మీవని తెలిశాక అన్నీ ఉంచాలనిపించేది. పక్షపాతం అవుతుందని భయపడి కొట్టేశాను."

నాకు బుర్ర తిరిగింది. "ఇదెక్కడి న్యాయమండీ?"

"న్యాయం కాదు. పెద్దాయనకి చెప్పేస్తాను."

నేనూ వెంట నడిచాను. ఎందుకో నాకే తెలియదు.

పెద్దాయన అంతా విని కళ్లజోడు తీశాడు. "ఇతనంటే ఇష్టమా అమ్మాయ్?"

"అవును సార్."

నేను పక్కనే ఉన్నాను. చెప్పింది ఆయనతో.

"అయితే ఆ నలభై ఇంకొకరు చూస్తారు. నువ్విక ఈ పనిలో ఉండకూడదు."

"తెలిసే వచ్చాను సార్."

వరండాలోకి రాగానే అడిగాను. "ముందు నాతో చెప్పాలిగా!"

"తప్పు చేసింది పనిలో. ముందు అక్కడే చెప్పాలి."

"ఆ పదకొండూ పటంలోకి ఎక్కేదాకా మిమ్మల్ని క్షమించను."

"ఎక్కాక?"

"మీ ఇంటికొచ్చి మీ నాన్నగారిని అడుగుతాను."

"ఆయన మొదటిసారే ఒప్పుకునే మనిషి కాదు."

"అయితే రెండోసారీ వస్తాను."

ఆమె నవ్విందో, ఏడ్చిందో నాకు తెలియలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. ఎప్పుడు పట్టుకుందో అదీ తెలియదు.