తాతయ్యకి పూలజడేంటి?

"ఇది అబద్ధం ఫోటో!"

హారతి అరుపుకి ఆరో తరగతి పిల్లలందరూ తల తిప్పి చూశారు.

ఇంట్లో పెద్దవాళ్ల చిన్నప్పటి ఫోటోలు తెమ్మన్నారు సత్యవాణి టీచర్. అవన్నీ గోడకి అంటించమని చెప్పి ఆఫీసు గదికి వెళ్లారు. వాటిలో నాగదుర్గ తెచ్చిన ఫోటో దగ్గరే హారతి ఆగిపోయింది. ఒక చిన్న పిల్ల పట్టు పరికిణీ కట్టుకుని నిలబడి ఉంది. వెనక పెట్టిన అద్దంలో పొడుగాటి పూలజడ కనిపిస్తోంది. కింద మాత్రం 'మా తాతయ్య బుల్లియ్య' అని రాసి ఉంది.

"తాతయ్యకి జడేంటి? పరికిణీ ఏంటి?" అంది హారతి.

"మా తాతయ్యే. నాన్నమ్మ చెప్పింది" అంది నాగదుర్గ మెల్లగా.

"మరి కాగితం ఇంత కొత్తగా ఎందుకుంది? ఆదివారం నువ్వు నెట్ సెంటర్లో ప్రింట్ తీయించడం నేను చూశాగా. నెట్‌లోంచి ఎవరి ఫోటోనో తీసేశావు కదూ?"

"అసలు ఫోటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. అందుకే ఫోన్లో తీసి..."

"అడిగిన ప్రతిదానికీ ఓ కథ చెబుతావే!"

"బుల్లియ్య కాదురా, బుల్లెమ్మ!" అన్నాడు గణేష్‌బాబు. అందరూ గొల్లుమన్నారు.

నాగదుర్గ గబుక్కున ఫోటో పీకి బ్యాగులో పెట్టేసుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి టీచర్ వచ్చి ఆ ఖాళీ చూసి అడిగితే, "ఊడిపోయిందండి" అంది.

అబద్ధమైతే ఏడవడం ఎందుకు? ఇంటికి వెళ్లే దారంతా హారతికి అదే ఆలోచన. దొరికిపోయినవాళ్లు ఏడవరా ఏంటి, అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

ఇంట్లో నాన్నమ్మ అప్పాయమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. హారతి జరిగిందంతా గొప్పగా చెప్పింది. నాన్నమ్మ చేతిలో కాయలు పక్కన పెట్టింది. లేచి వెళ్లి, బీరువాలో చీరల అడుగున దాచిన ఒక ఫోటో తెచ్చింది. అందులోనూ లంగా, పూలజడ, వెనక అద్దం!

"ఎవరీ పాప?"

"పాపేంటే, మీ నాన్న!"

అప్పుడే లోపలికి వచ్చిన నాన్న శ్యాంబాబు చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మా, అదెందుకు బయటికి తీశావు?" అన్నాడు మీసం సవరించుకుంటూ.

నాన్నమ్మ నవ్వింది. "మొక్కు తీరేదాకా మగపిల్లాడికైనా జుట్టు కత్తిరించం కదే. గుండు చేయించే ముందు ముచ్చట పడి జడేసి, ఆడపిల్లలా ముస్తాబు చేసి స్టూడియోకి తీసుకెళ్లేవాళ్లం. జడ కూడా ఫోటోలో పడాలని వెనక అద్దం పెట్టేవారు."

హారతికి నవ్వు రాలేదు. "నాన్నా, ఈ ఫోటో రేపు స్కూలుకి ఇస్తావా?" అని అడిగింది.

"అందరూ నవ్వుతారే!"

"నవ్వనీ నాన్నా. ఇవాళ నాగదుర్గని చూసి నవ్వారు. నేనే నవ్వించాను" అంది హారతి, తల వంచుకుని.



 నాన్న ఫోటో ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాడు హారతి ఆ ఫోటో గోడకి అంటించింది. "హారతి వాళ్ల నాన్నకి జడ!" అంటూ పిల్లలు పగలబడి నవ్వారు. ఆమె అక్కడి నుంచి కదల్లేదు.

"అవును, మా నాన్నే. నాగదుర్గ చెప్పింది నిజం. ఏమీ తెలుసుకోకుండా అబద్ధమన్నది నేను."

నాగదుర్గ విన్నది. కానీ నవ్వలేదు, బ్యాగు తెరవలేదు.

సాయంత్రం హారతి ఆమె వెంటే గోదావరి గట్టు దగ్గరున్న వాళ్లింటికి వెళ్లింది. నాగదుర్గ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. అరుగు మీద బుల్లియ్య తాతయ్య వల బాగుచేసుకుంటున్నాడు.

"తాతయ్యగారూ, పూలజడ ఫోటో మీదేనటగా. అది తీసినప్పుడు ఏం జరిగిందండి?" అని అడిగింది హారతి.

తాతయ్య మనవరాలి వంక చూశాడు. నాగదుర్గ కాసేపు తటపటాయించి, లోపలి నుంచి ఫ్రేము తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"అంతర్వేది తీర్థానికి వెళ్లినప్పుడు తీయించారమ్మా. జడేసింది మా అక్క. కుదురుగా కూర్చోనని ఎన్ని మొట్టికాయలు వేసిందో!" అంటూ మొదలుపెట్టాడు తాతయ్య.

హారతి మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. కొంచెం పక్కకి జరిగి, నాగదుర్గకి చోటిచ్చింది.