ఆవిడను కళ్లారా చూసిందెవరు?

"నన్నే దొంగంటున్నారండీ!" అంటూ కుర్చీలో కూలబడింది పరిశోధక విద్యార్థిని. డిటెక్టివ్ మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపింది. అసిస్టెంటుగా పనిచేసే మేనకోడలు తలుపు మూసి వచ్చి కూర్చుంది.

బట్టల ఫ్యాక్టరీ కార్మికురాళ్ల మీద ఆ అమ్మాయి రాసిన వ్యాసాన్ని ఒక స్త్రీ అధ్యయన పత్రిక తిప్పి పంపింది. ఏడాది తిరక్కుండా అదే వ్యాసం అదే పత్రికలో పేరుమోసిన ప్రొఫెసరమ్మ పేరుతో అచ్చయింది. అడిగితే, కాపీ కొట్టింది నువ్వేనంటూ విశ్వవిద్యాలయం ఈమె పట్టానే రద్దు చేయబోతోంది. దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఇదే! మేనకోడలికి ఒళ్లు మండింది.

"వ్యాసంలో ఉన్నదెవరు?" అడిగింది డిటెక్టివ్.

"మిషన్లో వేలు పోయి, ఆ తర్వాత కడుపుతో ఉండగా పనీ పోయినావిడ. నాకంటే ముందే ఆవిడతో మాట్లాడానంటోంది ప్రొఫెసర్. ఎవరూ గుర్తుపట్టకుండా రాస్తానని మాటిచ్చానండీ, అందుకే వివరాలు చాలా మార్చాను."

"రికార్డింగులున్నాయా?"

"ఉన్నాయి, ఇద్దరివీ. వాళ్లని అడిగి తెస్తాను."

డిటెక్టివ్ నవ్వింది. అత్తయ్య అలా నవ్విందంటే ఎవరికో మూడిందని మేనకోడలికి తెలుసు.

మర్నాడు సాయంత్రం ఆ పత్రిక సంపాదకురాలి గదిలో, ప్రూఫుల కట్టల మధ్య ప్రొఫెసరుతో సహా అందరూ సమావేశమయ్యారు.

"ఈ అమ్మాయి వ్యాసం చదివి, తిప్పి పంపమని మీకు చెప్పిన పరిశీలకులెవరండీ?" అడిగింది డిటెక్టివ్.

"ఆ పేర్లు బయటపెట్టకూడదు," అంది సంపాదకురాలు.

డిటెక్టివ్ ప్రొఫెసర్ వైపు తిరిగింది. "ఆ కార్మికురాలిని ఎక్కడ కలిశారు?"

"వాళ్లింట్లోనే. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని, వేలు లేని చెయ్యి చూపించి ఏడ్చింది పాపం."

"మీరు చూశారా?"

"కళ్లారా!"

"వేలు పోయినావిడకు పెళ్లే కాలేదండీ. కడుపుతో పని పోయినావిడకు వేళ్లన్నీ ఉన్నాయి. ఎవరూ ఆనవాలు పట్టకూడదని ఈ అమ్మాయి ఇద్దరినీ కలిపి ఒక మనిషిగా రాసింది. ఆ మనిషి ఈ కాగితాల్లో తప్ప ఎక్కడా లేదు!"

సంపాదకురాలు తల దించుకుంది. "పొద్దున్న రికార్డింగులు విన్నాను. నియమం సంగతి దేవుడెరుగు, పరిశీలకురాలు ఈవిడే. చిన్నపేరని పక్కన పెట్టాను, పెద్దపేరని కళ్లకద్దుకున్నాను."

ప్రొఫెసర్ గొంతు పెంచింది. "నా పేరుంటేనే నలుగురూ చదువుతారు! ఆ ఆడవాళ్ల గోడు లోకానికి తెలియాలనే కదా!"

విద్యార్థిని లేచి నిలబడింది. "నా వ్యాసం మీద, వాళ్ల గోడులో కొత్తేముంది, అచ్చుకు పనికిరాదని రాసింది మీరే కదండీ?"

సంపాదకురాలు విశ్వవిద్యాలయానికి ఫోన్ కలిపింది.

"రద్దు చేయాల్సింది ఆ అమ్మాయి పట్టా కాదండీ, మేం వేసిన వ్యాసం," అంది.